బెల్టు కూత, చెంబుడు నీళ్లు

ఇప్పటికీ తెల్లవారుజామున సగం నిద్రలో నాకు బెల్టు కూత వినిపిస్తుంది. ఎక్కడో దూరంగా, మంచులో, పాత డీజిల్ కారొకటి స్టార్టవుతుంది. ముందు దగ్గు, తర్వాత గురక, ఆ రెండింటి మీదుగా సన్నగా, పొడుగ్గా ఆ కూత. కళ్లు తెరిస్తే ఏమీ ఉండదు. ఆ సన్నటి శబ్దం వినే శక్తి నా చెవులకు పోయి మూడేళ్లయింది. కలలో మాత్రం పోలేదు.

గోపాలపట్నంలో హైవే పక్కన రేకుల షెడ్డులో ముప్ఫై ఎనిమిదేళ్లు ఆటో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. మాది వరి పండించే ఊరు. నాన్నకి ఎద్దు నడకలో తేడా తెలిసేది, నాకు ఇంజిన్ నడకలో తేడా తెలిసేది. అంతకుమించి మా ఇంట్లో చదువులేం లేవు. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్లు చేతిలో స్కానర్ పట్టుకుని వస్తున్నారు. మంచిదే. కానీ స్కానర్ గుచ్చడానికి చోటే లేని పాత బళ్లు మన ఊళ్లో ఇంకా తిరుగుతున్నాయి. వాటి కోసమూ, నేను చేసిన ఒక తప్పు కోసమూ ఇది రాస్తున్నాను.

ఎర్ర దీపం

మనవాళ్లు ఆల్టర్నేటర్ అనరు, డైనమో అంటారు. నేనూ అలాగే అంటాను. ఇంజిన్ తిరుగుతుంటే బెల్టు దాన్ని తిప్పుతుంది, అది కరెంటు పుట్టించి బ్యాటరీని నింపుతుంది. కథంతా ఇంతే.

తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలగాలి. ఇంజిన్ స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే ఛార్జింగ్ లేదని అందరికీ తెలుసు. అసలు వెలగకపోతే మాత్రం చాలామంది సంతోషిస్తారు. అక్కడే మోసపోతారు. ఆ చిన్న బల్బులోంచి వెళ్లే కరెంటుతోనే పాత డైనమో నిద్రలేచేది. బల్బు మాడితే డైనమో లేవదు. బల్బు మార్చాల్సిన చోట డైనమో మార్చినవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇంకొకటి. పెట్రోలు బండి కరెంటు పోతే ఆగి నిలబడి చెబుతుంది. పాత డీజిల్ మొండిది. ఒకసారి స్టార్టయిందంటే బ్యాటరీ ఉన్నా లేకున్నా నడుస్తూనే ఉంటుంది. అందుకే డీజిల్ కారు డ్రైవరు ఎర్ర దీపాన్ని దేవుడి దగ్గర దీపంలా చూస్తాడు. వెలుగుతోంది కదా, వెలగనీ అనుకుంటాడు.

మీటరు పెట్టి చూడండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు పన్నెండున్నర వోల్టులు, తిరుగుతున్నప్పుడు పద్నాలుగు దగ్గర ఉండాలి. పన్నెండులోనే తిరుగుతుంటే డైనమో మీద పడిపోకండి. ముందు బెల్టు చూడండి, తర్వాత వైర్లు, ఎర్తు. డైనమో విప్పడం అన్నిటికన్నా చివర.

మేస్త్రి చెప్పిన నీళ్లు

నాకు పని నేర్పింది అప్పన్న మేస్త్రి. నేర్పింది అనడం పెద్ద మాట. ఆయన పని చేసుకునేవాడు, నేను చూసేవాణ్ణి. ఏదైనా అడిగితే గ్రీజు గుడ్డ మొహాన కొట్టేవాడు. గొప్ప పనివాడు, చెడ్డ గురువు. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా బాగుందనలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

కానీ ఆయన ఇంజిన్ వినేటప్పుడు చూడాలి. బానెట్ ఎత్తి, కళ్లు మూసుకుని, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన డైనమో ఒంటికి, పిడి చెవికి ఆనించి నిలబడేవాడు. చుట్టూ లారీలు, హారన్లు. ఆయన మొహం మాత్రం నిద్రపోతున్న పసివాడి మొహంలా ఉండేది. నాకు ఆ మొహం కావాలనిపించేది. అందుకోసమే అక్కడున్నాను.

"ఒరే, బండి మాటాడతంది. దానికన్నా ముందు నువ్వు మాటాడీకు," అనేవాడు.

అంత చెవి ఉన్నవాడు కూడా బెల్టు కూస్తోందంటే ముందు చెంబు అందుకునేవాడు. ఇంజిన్ తిరుగుతుండగా, చెయ్యి ఫ్యానుకు దూరంగా పెట్టి, బెల్టు లోపలి ముఖం మీద కాసిని నీళ్లు పోసేవాడు. నీళ్లు పడగానే కూత పెరిగితే బెల్టు వదులు, బిగించాలి. కూత ఆగిపోయి, నీళ్లు ఆరగానే మళ్లీ మొదలైతే వదులు కాదు. బెల్టును తిప్పే చక్రాలు, అంటే పుల్లీలు, ఒక వరసలో లేవు, ఏదో ఒకటి పక్కకు వంగింది. అప్పుడు బిగిస్తే తప్పు మీద తప్పు. ఇంత చిన్న పరీక్ష. దానికి ఖర్చయ్యేది చెంబుడు నీళ్లు.

మేస్త్రి పోయాక షెడ్డు నాదయింది. అప్పుడే స్టీల్‌ప్లాంటులో పనిచేసే ఒకాయన కారు తెచ్చాడు. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చాడు, డైనమో విప్పించాడు, అయినా పొద్దున్నే బండి లేవదు. నేను కళ్లు మూసుకుని విన్నాను. డైనమో హాయిగా పాడుతోంది. అయితే జబ్బు అక్కడ లేదు. వంగి చూస్తే, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్తు పట్టీ ఉప్పుగాలికి పచ్చగా కుళ్లి పొడి అవుతోంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆయన పని. ఉప్పుకాగితంతో రుద్ది కొత్త పట్టీ వేశాను.

ఆయన నలుగురికీ చెప్పాడు. నన్ను చెవి మేస్త్రి అనడం మొదలుపెట్టారు. ఆ పేరు నాకు నచ్చింది. మెల్లగా చెంబు షెడ్డులో ఓ మూల చేరి, మేకులు వేసుకునే డబ్బా అయింది.

నూకరాజు బండి

నూకరాజు సముద్రం మీద వేటకెళ్లే మనిషి. రుషికొండ వైపు ఒడ్డున వాళ్ల పడవ ఉండేది. ఇల్లు కొంచెం దూరం. వలలు, పడవకు తగిలించే మోటారు, ఐసు పెట్టె, ఇవన్నీ ఒడ్డుకు చేర్చడానికి పాత డీజిల్ కారొకటి కొనుక్కున్నాడు. వెనక సీటు పీకేశాడు. ఆ కారు తలుపు తెరిస్తే చేపల వాసన మొహాన తన్నేది. మనిషి మాత్రం బంగారం. చుట్టరికం లేకపోయినా బావా అని పిలిచేవాడు, ఆ పిలుపులో చుట్టరికం ఉండేది.

"బావా, పొద్దున్నే తీత్తే సాలు, పీక కోసినట్టు కూత్తంది. ఈదంతా లేసిపోతన్నారు. మాయమ్మ ఏటంటందో తెల్సా? ఏటకెల్లేటప్పుడు బండి ఏడిత్తే సేప పడదంట."

"ఏడుపు మాన్పించీడమే కదా నా పని," అన్నాను.

కళ్లు మూసుకుని విన్నాను. జారుతున్న బెల్టు. డైనమోని వెనక్కి లాగి బోల్టు బిగించాను. కూత ఆగింది. చెంబు సంగతి గుర్తొచ్చింది. ఆ మాట దాచను. నా చెవి ఉండగా నీళ్లెందుకులే అనుకున్నాను.

పది రోజుల్లో మళ్లీ వచ్చాడు. ఈసారి కూత లేదు గానీ ఎర్ర దీపం మినుకుమినుకుమంటోంది. బెల్టు నల్లగా మెరుస్తోంది, జారుతోంది. కొత్త బెల్టు వేసి ఇంకాస్త బిగించాను. ఇంకో పది రోజులకు మళ్లీ అదే. మళ్లీ బిగించాను. వేలితో నొక్కితే బెల్టు వీణ తీగలా ఉంది. అంత బిగువు ఉండకూడదని నాకు తెలుసు. తెలిసీ, కూత ఆగింది కదా అని పంపించాను.

ఆ కాలపు డీజిల్ కార్ల గురించి ఒక సంగతి మీరు గుండెల్లో రాసుకోవాలి. బ్రేకు మెత్తగా పడటానికి సాయం చేసే వాక్యూమ్ పంపు చాలా బళ్లలో డైనమో వెనకాలే, అదే ఇరుసు మీద ఉంటుంది. అంటే బెల్టు తెగితే పోయేది ఛార్జింగ్ ఒక్కటే కాదు. ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది, బండి పోతూనే ఉంటుంది, బ్రేకు మాత్రం రెండు మూడు తొక్కులకు మొద్దుబారి రాయి అయిపోతుంది.

సింహాచలం కొండ దిగుతూ

వేట నిషేధం ముగిసి పడవలు నీళ్లలోకి దిగడానికి రెండు రోజుల ముందు నూకరాజు తల్లిని తీసుకుని సింహాచలం కొండకు వెళ్లాడు. దర్శనం చేసుకుని దిగుతుండగా బెల్టు తెగింది. తెగినట్టు అతనికి తెలియలేదు. ఎర్ర దీపం వెలిగింది, అది ఎప్పుడూ వెలిగేదే. మలుపు దగ్గర బ్రేకు తొక్కాడు, పడింది. రెండో మలుపులో తొక్కాడు, సగమే పడింది. మూడోసారి పెడల్ కదల్లేదు.

మనిషి ధైర్యస్థుడు. గేరు దించాడు, హ్యాండ్‌బ్రేకు లాగాడు, లోయ వైపు పోనివ్వకుండా కొండ వైపు గోడకు బండిని రాపిడి పెట్టి ఆపాడు. తల్లికి ఏమీ కాలేదు. అతని కుడి మణికట్టు స్టీరింగుకూ నొక్కుకుపోయిన తలుపుకూ మధ్య నలిగిపోయింది.

ఎముక అతికింది గానీ వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం మానేశాయి. ముడుచుకోని చేత్తో వల లాగలేరు. ఆ ఏడు పడవ నీళ్లలోకి దిగినప్పుడు అతని చోట తమ్ముడు నిలబడ్డాడు. నూకరాజు ఒడ్డున ఉన్నాడు. అప్పటికి అతనికి ముప్ఫై నాలుగేళ్లు.

బండిని నా షెడ్డుకే తెచ్చారు. ఎవరూ లేనప్పుడు బానెట్ ఎత్తి చూశాను. తెగిన బెల్టు ఒకవైపు అంచు మాత్రమే పీలికలైపోయి ఉంది. ఆ గుర్తుకు అర్థం ఒక్కటే, పుల్లీలు వరసలో లేవు. డైనమోని పట్టుకుని కదిపితే కాలు దగ్గర కదిలింది. దాన్ని ఇంజిన్‌కు పట్టి ఉంచే బోల్టు చుట్టూ ఉండే బుష్షు అరిగి, రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. నేను బిగించినకొద్దీ డైనమో ఇంకా వంగుతూ వచ్చింది. మొదటి రోజు చెంబుడు నీళ్లు పోసి ఉంటే కూత ఆగి, మళ్లీ మొదలై, ఆ సంగతి నాకు చెప్పేది.

చేతికి కట్టుతో నూకరాజు వచ్చి అడిగాడు. "ఏటైనాది బావా?"

"డూప్లికేట్ బెల్టురా. కంపెనీ పెట్టి మీద పేరు సూసి మోసపోనాను," అన్నాను.

అతను నా మొహంలోకి చాలాసేపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "పోన్లే బావా," అని మాత్రం అన్నాడు. బెల్టును ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పడేసి, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. బుష్షు మాత్రం చెప్పకుండా కొత్తది వేశాను.

వంజరం ముక్కలు

తర్వాత అతను అదే కారులో హోటళ్లకు చేపలు వేసి బతికాడు. వారం పది రోజులకోసారి గోపాలపట్నం వచ్చి, కాగితంలో చుట్టిన వంజరం చేప ముక్కలు నా బల్ల మీద పెట్టేవాడు. వద్దంటే వినేవాడు కాదు. మా ఇంటావిడ పులుసు పెట్టేది. అందరూ లొట్టలేసుకు తినేవారు. నేను నా ముక్కలు ఇంటావిడ కంచంలోకి తోసేవాణ్ణి. చెప్పేద్దాం అనుకున్న రోజులున్నాయి. అతను ఎడం చేత్తో కారు తలుపు తీసుకోవడం చూసి మళ్లీ ఏదో ఒక బానెట్ కిందికి దూరేవాణ్ణి. ఇలా పన్నెండేళ్లు.

ఈ లోపు నా చెవి ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. గ్రైండరు పక్కన, హైవే పక్కన అన్నేళ్లు నిలబడితే చెవి పై నుంచి కిందికి పోతుందట. ముందు సన్నటి శబ్దాలు పోతాయి. ఒక రోజు కారు తెచ్చినాయన రెండు చేతులతో చెవులు మూసుకుని నిలబడ్డాడు. ఎందుకలా ఉన్నారని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "బెల్టు గీ పెడతంది కదండీ, మీకు ఇనపట్లేదా?" అన్నాడు.

వినపడలేదు. ఇంజిన్ గురక వినిపిస్తోంది, లారీలు వినిపిస్తున్నాయి, దాని మీదుగా ఉండాల్సిన కూత మాత్రం లేదు. ఆ చోట ఖాళీగా, ఎంతో ప్రశాంతంగా ఉంది. ఏడుపొచ్చింది. ఆ నెలాఖరుకి షెడ్డు ఖాళీ చేశాను.

అటక దులుపుతుంటే ప్లాస్టిక్ కవరు కిందపడింది. దాన్ని ఇంటికి తెచ్చి బీరువా వెనక పెట్టాను, మూడేళ్లు మళ్లీ దాచాను. మొన్న ఒక తెల్లవారుజామున ఆ కలే వచ్చింది. మంచు, పాత డీజిలు, కూత. లేచి, కవరూ పాత పనిముట్ల సంచీ పట్టుకుని మొదటి బస్సెక్కాను.

ఒడ్డున

నూకరాజు ఇంటి ముందు, కారు ముక్కు సముద్రం వైపు పెట్టి ఉంది. అతను అరుగు మీద టీ తాగుతున్నాడు. గడ్డం నెరిసింది. పొద్దు ఇంకా పొడవలేదు. నీళ్లూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి, పడవలు గాల్లో తేలుతున్నట్టున్నాయి.

"ఏటి బావా, ఇంత పొద్దున్నే? ఎవులికేటైనాది?"

నిలబడే చెప్పేశాను. "నూకరాజూ, నీకు పదిహేనేళ్ల కిందట అబద్దం సెప్పినాను. బెల్టు డూప్లికేట్ కాదు, మంచిదే. డైనమో కాలు అరిగి వొంగిపోనాది. నాను సూడనేదు. సూడకుండా మూడుసార్లు బిగించీసినాను. నీ సెయ్యి నా వల్లే పోనాది."

సాక్ష్యంగా కవరు విప్పాను. విప్పగానే వాసన గుప్పుమంది. కుళ్లిన చేప, నూనె కలిసిన వాసన. ఇన్నేళ్ల తర్వాత, చేపల కారు బయట, ఆ బెల్టు ఒంటరిగా కంపు కొడుతోంది.

"ఇదేటి వాసన?" అన్నాను.

నూకరాజు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "సొర నూని, బావా."

పడవ చెక్కలకు పూసే సొరచేప నూనె. నేను బిగించిన రెండు రోజులకే కూత మళ్లీ వచ్చేదట. అపశకునమని తల్లి వేటకు వెళ్లనిచ్చేది కాదట. మాటిమాటికీ నన్ను విసిగించడం ఎందుకనుకున్నాడు. పడవకి రాసినట్టే బెల్టుకు నూనె రాశాడు. కూత ఆగింది. నూనెకు బెల్టు ఉబ్బి జారింది. జారితే దీపం వెలిగింది. దీపం వెలిగితే నా దగ్గరికి వచ్చాడు, నేను బిగించాను. ఆ వాసన నా ముక్కుకు తగలకుండా ఎలా ఉంటుంది? తగిలింది. కారంతా అదే వాసన కదా అని పట్టించుకోలేదు. చెవి మేస్త్రిని కదా, ముక్కుతో నాకేం పని?

"నువ్వు డూప్లికేట్ బెల్టన్నావు సూడు," అన్నాడు నూకరాజు, "బావ కనిపెట్టీసినాడు, నన్ను కాయడానికి అబద్దమాడతన్నాడు అనుకున్నాను. మాయమ్మ సచ్చిపోయిందాకా ఆయమ్మకి సెప్పనేదు. నీ రునం ఎలాగ తీర్సుకోవాలో తెలక ఆ సేప ముక్కలు అట్టుకొచ్చీవోణ్ణి."

గుమ్మడికాయల దొంగ అంటే ఇద్దరం భుజాలు తడుముకుంటూ పదిహేనేళ్లు గడిపాం. నవ్వొచ్చింది. నవ్వలేకపోయాను. అతని పక్కన కూలబడ్డాను.

"ఒక మాట ఇను," అన్నాను. "నూని రాయకపోయినా ఆ బెల్టు తెగిపోయీదే. నాలుగు రోజులు ఆగి తెగిపోయీది. వంకర సూడాల్సింది మేస్త్రి, నువ్వు కాదు. నువ్వింక మొయ్యీకు." అది ఓదార్పు కోసం అన్న మాట కాదు, ముప్ఫై ఎనిమిదేళ్ల పని తెలిసినవాడి తీర్పు. అతనికి అది అర్థమైందని మొహం చూస్తే తెలిసింది.

కారు వైపు చూసి అడిగాను. "ఇప్పుడు కూత్తందా, బండి?"

"కూత్తంది బావా. సిన్నగా. వారం అయింది."

"తియ్యి."

ఇంజిన్ దగ్గింది, గురక పెట్టింది. నాకు అంతే వినిపించింది. "నీళ్లు అట్రా," అన్నాను. అతను చెంబుతో నీళ్లు తెచ్చాడు. ముడుచుకోని కుడిచేతి మీద చెంబు ఆనించి, ఎడం చెయ్యి ఊతమిచ్చి, నేను చూపించిన చోట పోశాడు.

"ఇప్పుడో?"

"ఆగిపోనాది." రెండు క్షణాలు. "మళ్లా అందుకున్నాది."

ఇంజిన్ ఆపించి డైనమో కాలు తడిమాను. నేను వేసిన బుష్షును ఇసకా ఉప్పూ కలిసి మళ్లీ తినేశాయి. సంచీలో బుష్షు ఉంది. వేసి, పుల్లీల మీద చదునైన బద్ద ఆనించి చూసి, సన్నటి వాషరొకటి పెట్టి వరస కలిపాను. బెల్టు బిగించాను, ఎంత కావాలో అంతే. చాలాసేపు పట్టింది. అతను బోల్టులు అందించాడు.

"తియ్యి నూకరాజూ."

బండి లేచింది. ఎర్ర దీపం వెలిగి ఆరింది. అతను దిగి వచ్చి, ఇంజిన్ మీదికి వంగి, అచ్చం మా మేస్త్రిలాగే కళ్లు మూసుకున్నాడు.

"ఇప్పుడో?" అన్నాను.

"ఏటీ నేదు బావా. ఇంజినూ, సముద్రం."

ఆ రెండూ నాకూ వినిపిస్తున్నాయి.